సముద్రం కాదు, మీరే ముందుకొచ్చారన్న ఆఫీసరు

మాది కవిటి దగ్గర మత్స్యకారుల పల్లె. నాలుగేళ్ల కిందటి మాట. మేం చేపలు ఎండబెట్టుకునే ఇసుక దిబ్బను సముద్రం ఏటేటా కోసేస్తోందనీ, అడ్డంగా రాళ్ల కట్ట వేయించమనీ అర్జీ పెడితే, చూడడానికి ఒక ఆఫీసరు వచ్చాడు. ఇసుకలో నడిస్తే బూట్లు పాడవుతాయని కాబోలు, కారును నేరుగా ఒడ్డు మీదికే తెప్పించాడు.

"ముందుకొచ్చింది సముద్రం కాదు, మీరే! ఇళ్లు ముందుకు జరిపి కట్టుకున్నారు" అన్నాడు, మేమిచ్చిన కొబ్బరినీళ్లు తాగుతూ.

"నా పెల్లినాటికి సముద్రంకాడికి ఎల్లాలంటే కాళ్లు నొప్పెట్టీవి బాబూ" అంది మా అత్త. ఆయన వింటేగా!

అంతలో పోటు తగిలింది. ఒక పెద్ద అల వచ్చి కారు చక్రాలను ఇసుకలో దించేసింది. ఆయన లబోదిబోమంటుంటే, మా మగవాళ్లే తాళ్లు కట్టి బయటికి లాగారు.

"నీళ్లు ఇంతదూరం వస్తాయని ముందే చెప్పొద్దా?" అని మా మీదే అరిచాడు.

"అది సెప్పడానికే గదా బాబూ, మిమ్మల్ని పిలిసినాం!" అంది అత్త.

ఒడ్డుకు ప్రమాదం లేదని రాసి పోయాడట ఆ మహానుభావుడు. ఇప్పుడా దిబ్బ లేదు, చేపలు రోడ్డు మీద ఎండబెడుతున్నాం. పెద్ద చదువుల వాళ్లంటే నాకున్న భయం మాత్రం ఆ రోజే సముద్రంలో కలిసిపోయింది.