మొదటి పేజీలో సారు రాసిన మాట

1982లో నేను తిరుపతిలో ఒక చిన్న ధర్మాసుపత్రిలో ఆయాగా పనిచేస్తున్నాను. అప్పటికి చేరి తొమ్మిదేళ్లు. ఆసుపత్రి పేరు ఇక్కడ రాయను. తప్పు దానిది కాదు, నాది.

ఆయా అంటే ఊడ్చడం, దుప్పట్లు మార్చడం అనుకుంటారు. మా ఆసుపత్రిలో నా పని ఎక్కువగా ఓ.పి.లో ఉండేది. ఓ.పి. అంటే పడక అవసరం లేకుండా, వచ్చి చూపించుకొని పోయేవాళ్ల గది. సోమవారం వచ్చేవాళ్లంతా ఏళ్ల తరబడి మందులు మింగేవాళ్లు: బీపీ, మూర్ఛ, ఉబ్బసం, టీబీ. ఒక్కొక్కరికి ఒక నోటుపుస్తకం. డాక్టరు సారు అందులో 'రిపీట్' అని రాసి సంతకం పెడితే, పోయిన నెల మందులే మళ్లీ ఇమ్మని కాంపౌండరుకు అర్థం.

అందరూ నెలనెలా సారు ముందు కూర్చోవలసిన పని లేదు. బీపీ నిలకడగా ఉన్నవాళ్లు మూడు నెలలకొకసారి కనబడితే చాలని సారే చెప్పారు. మధ్య నెలల్లో వాళ్ల పుస్తకాలు నేను తీసుకొని, ఆఖరుగా రాసిన పేజీ తెరిచి, వెనక్కి మడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి టేబులు మీద పెట్టేదాన్ని. ఒంటిగంటకు లైను అయిపోయాక సారు గబగబా సంతకాలు పెట్టేవారు. ఎవరి పుస్తకం ఆ దొంతరలో పెట్టాలో, ఎవరిని లైనులో కూర్చోబెట్టాలో నేను ముఖాలు చూసి గుర్తుపెట్టుకునేదాన్ని.

ఎందుకంటే అప్పట్లో నాకు అక్షరం రాదు. ఆ సంగతి సారుకు తెలుసు, కాంపౌండరుకు తెలుసు. రోగులకు తెలియదు. తెల్లచీర కట్టుకొని, చేతినిండా పుస్తకాలు పట్టుకొని తిరిగే మనిషికి చదువు రాదని ఎవరనుకుంటారు? వాళ్లు అలా అనుకోకపోవడం నాకు బాగుండేది.

మునిలక్ష్మి అలిపిరి దగ్గర పూలు కట్టి అమ్మేది. ముప్పై ఏళ్లుంటాయి. టీబీ. పాత మాత్రల్లో ఒకటి ఒంటికి పడక, సారు ఇథాంబ్యుటాల్ అనే కొత్త మాత్ర కలిపారు. ఆ రోజు ఆమె గదిలోంచి బయటికొచ్చి పుస్తకం మొదటి పేజీ నా ముందు పెట్టింది.

"అక్కా, సారు శానా సెప్పినాడు. బయంలో నాకు తలకెక్కలే. ఈడ తెలుగులోనే రాసినాడంట. ఏమి రాసినాడో సదువు."

పేజీ నిండుగా ఎర్రసిరాతో ఐదారు వరసలు. లైనులో ఉన్నవాళ్లందరూ మమ్మల్నే చూస్తున్నారు. నేను వేలు పెట్టి వరస వెంట జరిపాను. పెదవులు కూడా కదిలించాను.

"ఏముందే, మాత్రలు మానకుండా ఏసుకోమని."

"అంతేనా?"

"అంతే. పో, నీ పూలు ఎదురుచూస్తా ఉంటాయి."

లైనులో ఎవరో నవ్వారు. ఆమె కూడా నవ్వి వెళ్లిపోయింది. కాంపౌండరు పది అడుగుల దూరంలో ఉన్నాడు. పిలిస్తే వచ్చి చదివేవాడు.

మరుసటి నెల బుట్టతోనే వచ్చింది. "అక్కా, ఒంటిగంట దాంకా ఈడ కూసుంటే పూలన్నీ వాడిపోతాయి. వాడిన పూలు దేవుని కాడికి పొయ్యేవాళ్లు ఎవురు కొంటారు? పుస్తకం నువ్వే సంతకం చేయించి పెట్టు, నీకు పుణ్యముంటుంది." బుట్టలోంచి ఒక మూర కనకాంబరాలు తీసి నా చేతిలో పెట్టింది. ఆమె పుస్తకాన్ని బీపీ వాళ్ల దొంతరలో మధ్యలో పెట్టాను.

సారు ఆ పుస్తకం దగ్గర ఒక్క క్షణం ఆగారు. "మనిషి వచ్చిందా మంగమ్మా?"

"వచ్చింది సార్. బయట కూర్చోనుంది."

సంతకం పడింది. మడిచిన పుస్తకంలో మొదటి పేజీ అడుగున ఉంది. సాయంత్రం ఆమె వచ్చి మాత్రలు తీసుకుపోయింది. అట్లా నాలుగు నెలలు. ప్రతి నెలా నాకు ఒక మూర పూలు. కొప్పులో పెట్టుకొని తిరిగాను.

మునిలక్ష్మి చేతి మాల చూస్తే చాలు, ఆమెదని చెప్పవచ్చు. మూడు ఎర్ర కనకాంబరాలు, ఒక పసుపు కనకాంబరం, మళ్లీ మూడు ఎర్రవి, ఎక్కడా తప్పేది కాదు. ఆ పూలకు వాసన ఉండదు, రెండింటి రేకూ ఒకటే. చేతికి తేడా తెలియదు, కంటికే తెలియాలి. నాలుగో నెల తెచ్చిన మూరలో వరస లేదు. రెండు పసుపువి, ఐదు ఎర్రవి, మళ్లీ ఒక పసుపుది.

"ఏమే, కండ్లు యాడ పెట్టుకోని కడతా ఉండావు?" అన్నాను.

"ఏమోక్కా, ఈ మద్దెన ఎర్రదీ పసుపుదీ ఒకే మాదిరి కనిపిస్తా ఉండాయి. ఎండకేమో."

"నీరసంలే. రెండు గుడ్లు తిను" అని నవ్వి, ఆ మూర కూడా కొప్పులో పెట్టుకున్నాను.

ఐదో నెల ఆమె బుట్ట లేకుండా వచ్చింది. గోడ పట్టుకొని నడుస్తోంది. నా ఎదురుగా నిలబడి, "మంగమ్మక్క ఉండాదా?" అని నన్నే అడిగింది.

చెయ్యి పట్టుకొని లైను దాటించి సారు గదిలోకి తీసుకుపోయాను. సారు వేళ్లు చూపించి లెక్కపెట్టమన్నారు. తప్పు చెప్పింది. ఆయన పుస్తకం మొదటి పేజీ తీశారు.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా మీకు? ఈ మాత్ర కొందరికి చూపును కొడుతుంది, నెలనెలా రావాలి అని చెప్పలేదా? ఇక్కడ ఇంత రాసి పెట్టింది ఎందుకు?"

ఆమె నా వైపు చూడలేదు. చూసినా కనబడను. "నాదే తప్పు సార్. పూలు వాడిపోతాయని నేనే రాలే. నాకు సదువు రాదు."

నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. సారు పేజీలు తిప్పి, తన సంతకాలు తానే చూసుకున్నారు. తర్వాత నన్ను చూసి, "వచ్చింది, బయట కూర్చోనుంది అన్నావు గదా" అన్నారు మెల్లగా. తిట్టి ఉంటే కొంచెం తేలికయ్యేదేమో.

ఆ మాత్ర ఆ రోజే ఆపించి, కళ్ల డాక్టరుకు చీటీ రాశారు. చూపు కొంత తిరిగి వస్తుంది, ఎంత వస్తుందో చెప్పలేమన్నారు. ఏడెనిమిది నెలలకు ఆమె ఒంటరిగా నడవగలిగింది. టీబీ నయమైంది. రంగులు మాత్రం తిరిగి రాలేదు. సారుకు తెలిసింది నా ఒక్క అబద్ధమే. చదివినట్టు నటించిన సంగతి నాకూ మునిలక్ష్మికీ తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

తర్వాత రెండేళ్లకు మా వీధిలో వయోజన విద్య బడి పెడితే నలభై నాలుగేళ్ల వయసులో పలక పట్టాను. కూడబలుక్కొని చదవడం వచ్చాక అలిపిరికి నడిచిపోయాను. మునిలక్ష్మి మల్లెలు కడుతోంది. ఒక్క మల్లెలే. ఆ పుస్తకం ఇమ్మన్నాను. ఎందుకని అడగకుండా పక్కనున్న పెట్టె అడుగు నుంచి తీసిచ్చింది. వేలు పెట్టి, ఈసారి నిజంగానే, చదివాను.

"ప్రతి నెలా కళ్ల పరీక్ష అయి, నేను చూసిన తర్వాతే ఈ మాత్ర ఇవ్వాలి. చూపు మసకబారినా, రంగులు తేడాగా కనబడినా, మాత్ర ఆపి వెంటనే రావాలి."

ఆమె దారం తెంపి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఆ పొద్దే అనుకున్న్యా అక్కా, అంత పొడుగు రాతకు ఇంత చిన్న మాటేనా అని. మళ్లీ అడిగితే నలుగురిలో నీకు సిన్నతనమని అడగలే."

ఆమె అంత కనిపెట్టి కూడా నా మర్యాద కాపాడింది. నేను మాత్రం ఆ మర్యాద కోసమే ఆమె కళ్లు పోగొట్టాను.

అప్పటి నుంచి ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఒక్క పుస్తకం మడవలేదు. మొదటి పేజీ పైకి ఉండేట్టే టేబులు మీద పెట్టేదాన్ని. నెలకు రావాలా, మూడు నెలలకు రావాలా అని ఎవరైనా అడిగితే, లోపలికి పోయి సారునే అడగమనేదాన్ని. డాక్టరు రమ్మనేది సంతకం కోసం కాదు, మనిషిని చూడడం కోసం. చదవలేని రాత ఎదురైతే ఇప్పటికీ నలుగురిలోనే అంటాను: "ఇది నాకు రాదు, ఎవరైనా చదవండి." ఆ నాలుగు ముక్కలు ఆ రోజు లైను ముందు అని ఉంటే, మునిలక్ష్మి ఇంకా మూడు ఎర్రవి, ఒక పసుపుది కడుతూ ఉండేది.