వెళ్లిన దారిన రాని సలోమి సిస్టరమ్మ

ఏడో తరగతిలో నేనూ బడీ పరస్పర అంగీకారంతో విడిపోయాం. అలాంటి నాకు ఈ సంస్మరణ వ్యాసం అప్పగించారంటే, రాయపూర్ తెలుగువాళ్లలో చదువుకున్నవాళ్లందరికీ ఒకేసారి ఏదో పని తగిలి ఉండాలి. తప్పులుంటే ఆ బడిని క్షమించండి. నన్ను ఆపడానికి అది పెద్దగా ప్రయత్నించలేదు.

సలోమి సిస్టరమ్మ గారు పరమపదించారు. ఉర్లా కార్ఖానాలో నేను గేటుకు వెల్డింగు పెడుతుండగా, ఆదివారం నడకలో మాతో వచ్చే సత్యం ఆ వార్త తెచ్చాడు. అందరినీ ఆటపట్టించే నన్ను వాడు తిరిగి ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. "ఆవిడ ఎక్కడికి పోయినా గుండ్రంగా తిరిగి ఇంటికే వస్తార్లేరా" అని నవ్వాను. సత్యం నవ్వలేదు. ముసుగు ఎత్తి వాడి మొహం చూశాక, అన్న మాటను ఎక్కడ దాచుకోవాలో తెలియక, ఆరిపోయిన రాడ్డు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

నరసాపురం వైపు కాలవ గట్టున పుట్టి, నర్సు ఉద్యోగం మీద ఈ ఊరు వచ్చి, మన రైల్వే కాలనీలో సగం మంది పిల్లలకు తొలి స్నానం చేయించిన చేతులవి. కరుణామూర్తి అని రాద్దామంటే, ఆవిడ దగ్గర ఇంజెక్షను చేయించుకున్నవాళ్లు ఒప్పుకోరు. నిశ్చలమైన హస్తం, నిర్మొహమాటమైన నోరు. రిటైరయ్యాక చక్కెర జబ్బువాళ్లను పోగుచేసి ఆవిడ మొదలుపెట్టిందే మా ఆదివారం నడక. ఖారున్ నది గట్టు వెంట బయలుదేరి, తూము దగ్గర కాలవ గట్టెక్కి, పక్షులను పట్టరాదని అటవీ శాఖవాళ్లు బోర్డు పెట్టిన చిత్తడి మడుగును చుట్టి, మళ్లీ నది దగ్గరే తేలాలి. వెళ్లిన దారిన తిరిగి రాకూడదన్నది ఆవిడ శాసనం.

"ఎందుకమ్మా ఇంత చుట్టు? సీధా పోయి సీధా రావచ్చుగా?" అని నేను అడిగితే ఆవిడ జవాబు ఇది: "మీ షుగరోళ్ల సంగతి నాకు తెలీదా? ఎక్కడ కాలు నొప్పెడితే అక్కడే యూటర్న్ కొడతారు. గుండ్రపు దారిలో సగం దాటాక వెనక్కి తిరిగినా దూరం అంతే. చచ్చినట్టు ముందుకే నడుస్తారు."

మడుగు దగ్గర అందరూ మౌనం పాటించాలి. నా నోరు ఆగేది కాదు. ఒకసారి నా మాటకు ఎవరో ఫక్కున నవ్వితే కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. అందరూ నా మీద విరుచుకుపడ్డారు. ఆవిడ మాత్రం తల పైకెత్తి, "పోనీలెండి, కూర్చున్నప్పుడు రెక్కలు కనబడవుగా" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "దానియేలూ, నీ బక్వాస్ ఆపి గట్టు చూసుకో, పడతావ్" అన్నారు. ఎందుకంటే నేను గుంపుకు ముందుండి, వాళ్లకేసి తిరిగి, వెనక్కి నడుస్తూ జోకులు చెప్పేవాణ్ణి. నా వెనక గుంత వస్తే ఆవిడ చెయ్యి నా చొక్కా పట్టుకునేది.

ఆవిడ భర్త, రిటైర్డు రైల్వే గార్డు ప్రకాశరావు గారు, ఎన్నడూ మాతో రాలేదు. సర్వీసులో ఉండగా ఆదివారం పొద్దున డ్యూటీ దిగి నిద్రపోయేవారు. తర్వాత మోకాళ్లు అడ్డమొచ్చాయి. సమాధి కార్యక్రమం ముగిశాక ఆయన నన్ను పక్కకు పిలిచారు.

"అబ్బాయ్, అది తిరిగిన చుట్టు నన్నొక్కసారి తిప్పు. అదేం చూసేదో చూడాలి."

"కళ్లు మూసుకుని తిప్పుతాను గార్డుగారూ" అన్నాను.

తర్వాతి ఆదివారం పొద్దున్నే, పాత జోకులు చెబుతూ ఆయన్ని బయలుదేరదీశాను. మూసుకునే నడిచేవాణ్ణని తూము దగ్గర తెలిసింది. అక్కడ గట్లు రెండుగా చీలాయి. ఏది మనదో తెలియలేదు. అడగడానికి నామోషీ. ధైర్యంగా ఒక గట్టు పట్టాను. అది కాస్తా పోయి వరి మడిలో కలిసింది. డెబ్బై దాటిన మనిషి పిక్కల దాకా బురదలో దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, "ఇక్కడేం చూసేదయ్యా?" అని అడిగారు. వెళ్లిన దారినే తిరిగి తూము దగ్గరికి వచ్చాం. ఆవిడ శాసనాన్ని ఆవిడ పోగానే మొదట ఉల్లంఘించింది నేనే.

చివరికి రెండో గట్టు మీద వెనక్కి తిరిగి, పాత పద్ధతిలో నడిచి చూశాను. అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. చింతచెట్టు, నడిచేకొద్దీ దాని వెనక్కి చేరే ఇటుక బట్టీ గొట్టం. ఇన్నేళ్లూ నాకు తెలిసింది మేము దాటొచ్చిన దారి మాత్రమే. ముందున్నది ఆవిడే చూశారు. భార్యను పోగొట్టుకున్న పెద్దాయన, వెనక్కి నడుస్తున్న నా చెయ్యి పట్టుకుని, గుంతలు తనే చూసి చెబుతూ, నన్ను మడుగు దాకా తీసుకొచ్చారు.

కొంగలున్నాయి. ఇంకా ఏవేవో ఉన్నాయి. "ఆ ఎర్రకాళ్లవి ఏమిటి? వాటి గురించి ఏమనేది?" అని ఆయన ఆశగా అడిగారు. అన్నేళ్లు ఆవిడతోనే నడిచి ఒక్క పిట్ట పేరు నేర్చుకోని నేను తల దించుకున్నాను. ఆ మడుగుకే చేతులు జోడించాను. మనలో ఎవరు నడిచినా ఆవిడ నడిచిన చుట్టు ఇక పూర్తికాదు. ఆ కళ్లతో చూసేవారు మనకు మళ్లీ దొరకరు.

"క్షమించండి గార్డుగారూ. ఆవిడ చూసింది నేనేదీ చూడలేదు. నా వాగుడుతో ఆవిణ్ణీ సరిగా చూడనివ్వలేదేమో" అన్నాను.

ఆయన నీళ్లకేసే చూస్తూ అన్నారు:

"పిట్టల గురించి నాకెప్పుడూ చెప్పలేదయ్యా. ఇంటికొచ్చి, టీ గ్లాసు పట్టుకుని, నువ్వు చెప్పిన జోకులన్నీ నాకు చెప్పేది. నేను పడీపడీ నవ్వేవాణ్ణి. ఇవాళ పొద్దుట్నుంచీ నీ నోట వింటున్నా కదా, ఒక్కటీ బాలేదు."