సార్ సైజు ఎనిమిది

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. కువైట్‌లో, ఫింటాస్‌లోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో స్టాఫ్ నర్సుగా అప్పటికి నాకు పదకొండేళ్ల సర్వీసు. అక్కడ ఉన్నవి రెండే డ్రెస్సింగ్ గదులు, అందులో ఒకటి నాది. నూనె పడి కాలిన చేతులు, కోసుకున్న వేళ్లు, ఎంతకీ మానని పుండ్లు అన్నీ నా బల్ల మీదికే వస్తాయి. తెలుగు సిస్టర్ ఉందని తెలిసి సాల్మియా నుంచి కూడా మనవాళ్లు బస్సెక్కి వస్తారు. చూసీ చూసీ నా మొహం రాయిలా అయిపోయిందని మా ఆయన ఎగతాళి చేస్తుంటాడు. ఆ మంగళవారం వచ్చిన పాదాన్ని మాత్రం నేను మర్చిపోలేదు.

పొద్దున పది గంటలకు ఇద్దరు వచ్చారు. ముందు నడిచి వచ్చినాయన నరసింహులు, అరవైకి దగ్గరగా ఉంటాడు. మా క్లినిక్ వీధి చివరి బిల్డింగులో హారిస్, అంటే కాపలా మనిషి. రోజూ చూసే మొహమే గానీ పేరు నాకు ఆ రోజే తెలిసింది. వెనకాల వచ్చింది ఓబులేసు, స్కూలు బస్సు డ్రైవరు, నలభై అయిదేళ్లవాడు.

"సార్ సాక్సుకు రక్తం అంటుకోనుండాది సిస్టర్. అడిగితే ఏం ల్యాదంటాడు" అన్నాడు ఓబులేసు.

"నొప్పేం ల్యాదమ్మా. వీడే ఇడిచిపెట్టకుండా పిల్చకొచ్చినాడు" అన్నాడాయన.

సాక్సు చర్మానికి అతుక్కుపోయింది. సెలైన్‌తో తడిపి మెల్లగా కత్తిరించాను. వాసన ముందు తెలిసింది. చిటికెన వేలు నల్లబడిపోయింది. దాని పక్క వేలు ఉబ్బి చీము పట్టింది. మడమ మీద పెద్ద పొక్కు పగిలి, తోలు ఊడిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. ఇంత జరుగుతుంటే ఆయన తీరిగ్గా కూర్చుని "మీదే ఊరమ్మా?" అని అడిగాడు.

షుగరు చాలాకాలం అదుపులో లేకపోతే పాదాల నరాలు మొద్దుబారతాయి. దాన్ని న్యూరోపతి అంటాం. పట్టుకోవడానికి మోనోఫిలమెంట్ అనే సన్నటి నైలాన్ దారం ఉంటుంది. రోగిని కళ్లు మూసుకోమని, పాదంలో పదిచోట్ల దాన్ని తాకించి, తెలిస్తే చెప్పమంటాం. నేను పదిచోట్లా తాకించాను. ఆయన కళ్లు మూసుకునే "ఎప్పుడు మొదలుపెడతావమ్మా?" అన్నాడు.

మా ఈజిప్టు డాక్టరు వచ్చి చూసి "యల్లా, హాస్పిటల్" అని, అంటే వెంటనే పదండని, అక్కడికక్కడే చీటీ రాయడం మొదలుపెట్టాడు. వేళ్లతో పోతుందా, పాదం మొత్తం తీసేయాల్సి వస్తుందా అన్నది ఇప్పుడే చెప్పలేమన్నాడు. ఒక కాలితో ఏ బిల్డింగు మెట్లెక్కుతాడీయన? ఆ మాట ఎవరూ పైకి అనలేదు గానీ మా అందరికీ అదే తోచింది.

ఈ గాయం ఎక్కణ్నించి వచ్చిందో తెలుసుకోవడం నా పని. ఓబులేసును బయటికి పిలిచి, ఈ నాలుగైదు రోజుల్లో ఆయన కాళ్లకు ఏం వేసుకున్నాడని అడిగాను.

"నేను కొనిచ్చిన షూసే సిస్టర్" అన్నాడు.

కథ అక్కడ బయటపడింది. నరసింహులు ఒకప్పుడు కడప జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీకి పీడీ, అంటే ఆటల మాస్టారు. పర్మనెంటు కాని ఉద్యోగం. ఆయన తయారుచేసిన ఫుట్‌బాల్ టీము యూనివర్సిటీ ఫైనల్ దాకా వెళ్లింది. అప్పటి కుర్రాళ్లు ఇరవైమందికి పైగా ఇప్పుడు కువైట్‌లోనే ఉన్నారు. ఆడినవాళ్లు కొందరు, గట్టున కూర్చుని ఈలలేసినవాళ్లు ఎక్కువమంది. వాళ్లకో వాట్సాప్ గ్రూపు. అందులో పాతికేళ్లుగా తెగని పంచాయితీ ఒక్కటే, ఆ ఫైనల్ పోవడానికి కారణం సారా, కాదా అని. ప్రాక్టీసుకు ఆలస్యంగా వచ్చాడని టీములో అందరికన్నా బాగా ఆడేవాణ్ని ఆ రోజు సార్ బెంచీ మీద కూర్చోబెట్టాడు. టీము ఓడిపోయింది. సగం మందికి ఆయన దేవుడు. మిగతా సగానికి మొండిపట్టుదలతో కాలేజీ పరువు తీసినవాడు.

"ఆ కూర్చున్నోణ్ని నేనే" అన్నాడు ఓబులేసు. "నెల కింద సార్ ఈడనే హారిస్‌గా ఉండాడని తెలిసింది. శుక్రారం మా మ్యాచ్‌కు సార్‌తో మొదటి కిక్ కొట్టించినాం. శాలువా కప్పినాం. షూస్ నేనే కొనుకొచ్చినా."

"నిన్ను బెంచీ మీద కూర్చోబెట్టినాయనకు నువ్వే ఎందుకు కొన్నావు?"

"సైజు ఎవురికీ తెలీదు సిస్టర్, నాకు తప్ప. కాలేజీలో నాకు షూస్ ల్యాకుంటే సార్ తనవి ఇచ్చేటోడు. ఆయన బూట్లేసుకోనే సెమీస్ ఆడినా. ఎనిమిదో నంబరు."

షూస్ తెమ్మన్నాను. సార్ గదికి పరుగెత్తి తెచ్చాడు. కొత్తవి, ఇరుకైనవి. వయసుతో, వాపుతో ఇప్పుడు ఆయన పాదం తొమ్మిదిన్నరకు తక్కువ లేదు. లోపల చెయ్యి పెడితే జిడ్డుగా తగిలింది, కొబ్బరినూనె వాసన. షూస్ పట్టుకుని లోపలికి వెళ్లి తలుపేశాను.

"సార్, ఇవి పట్టలేదని మీకు తెలీలేదా?"

"తెలిసిందమ్మా" అన్నాడు చాలా మామూలుగా. "స్పర్శ ల్యాదు గానీ కండ్లున్నాయి గదా. కాలు దూరలే. నూనె రాసి ఎక్కించుకున్నా. మూడు గంటలు అట్లనే ఉన్నా."

"ఎందుకు సార్?"

"ఆ పొద్దు ప్రాక్టీసుకు ఎందుకు లేటయిందో వాడు చెప్పబోతే నేను ఇనలే. కోపంలో కూర్చోబెట్టినా. అది నా తప్పే. ఇన్నేండ్లకు వాడు నా సైజు గుర్తుపెట్టుకోని తెస్తే, పట్టల్యాదు తీస్కపో అని యా నోటితో చెప్పేది? వాడికి చెప్పద్దమ్మా."

నాకు కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే తిట్టాలనిపించింది. షుగరు మందులు మానేసేవాళ్లను చూశాను, పుండుకు పసుపు మెత్తేవాళ్లను చూశాను. ఒకరి మనసు నొచ్చుకుంటుందని కాలు బలిపెట్టినవాణ్ని అదే మొదటిసారి చూడటం. అంతలో అంబులెన్సు వచ్చింది. నర్సింగ్ నోట్స్‌లో 'ఇరుకు షూ, మూడు గంటలు' అని రాశాను. ఎవరు కొన్నారో రాయడానికి అందులో గడి లేదు.

రెండు వేళ్లు తీసేశారు. పాదం దక్కింది. బిల్డింగు యజమాని మంచివాడు కాబట్టి సిక్ లీవు ఇచ్చి గది ఉంచాడు. పదిహేను రోజుల తర్వాత సార్ డ్రెస్సింగ్‌కు మళ్లీ నా దగ్గరికే రావడం మొదలుపెట్టాడు. ఒక శనివారం ఆయన వెంట ఎనిమిదిమంది పాత విద్యార్థులు వచ్చి మా వెయిటింగ్ హాలు నింపేశారు. ఓబులేసు ఒక్కడే దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. డ్రెస్సింగ్ గది తలుపు తెరిచే ఉంది.

"పగ తీర్చుకున్యాడప్పా" అన్నాడు ఒకడు, వినబడాలనే. "ఇరుకు షూసు కావాలనే తెచ్చినాడు."

ఇంకొకడు వంత పాడాడు. సార్‌ను దేవుడన్నవాళ్లు, తిట్టినవాళ్లు అందరూ ఈ ఒక్క మాట మీద ఏకమైపోయారు. గ్రూపులోంచి ఓబులేసు పేరు అప్పటికే తీసేశారట. నేను నోరు తెరవబోయాను. చెప్పొద్దన్న మాట అడ్డొచ్చింది. కట్టు సగం విప్పిన కాలితోనే సార్ లేవబోతే భుజం పట్టుకుని ఆపాను.

"ఓరే, లోపలికి రాండ్రా" అని పిలిచాడు. వాళ్లు వచ్చి ఆ పాదం చూసి తలలు తిప్పుకున్నారు.

"చూడండ్రా. షూ పట్టల్యాదని తెలిసే ఏసుకున్నా. నూనె రాసుకోని ఏసుకున్నా. ఈ సిస్టర్‌కు తెలుసు. ఫైనల్లో వాణ్ని కూర్చోబెట్టింది కూడా నా తప్పే. రెండూ నాయే. వాణ్ని ఏమనాకండి."

ఇక గొడవ తీరుతుందనుకున్నాను. ఒకాయన కళ్లు తుడుచుకుంటూ "సార్‌ది పెద్ద మనసు, వాణ్ని కాపాడేదానికి అట్ల చెప్తాండాడు" అన్నాడు. పక్కవాడు "ఫైనల్ సంగతి ఇన్నాళ్లకు ఒప్పుకున్యాడు సూడు, నేను చెప్పలే?" అన్నాడు. మనిషి ఎదురుగా కూర్చుని, వేళ్లు తెగిన కాలు చూపించి చెప్పినా, ఎవరికి కావలసిన సార్‌ను వాళ్లు మోసుకుని వెళ్లిపోయారు.

ఓబులేసు వెళ్లలేదు. ఇప్పుడు అతనికి తెలియాల్సింది తెలిసిపోయింది. ఏడుస్తాడేమో, ఎదురు తిరుగుతాడేమో అనుకున్నాను. బజారుకు వెళ్లి, గంట తర్వాత మెత్తటి అట్టల చెప్పులు మూడు జతలతో, మూడు సైజుల్లో తిరిగొచ్చాడు. కింద కూర్చుని మొదటి జత సార్ కాలికి పెట్టాడు.

"పట్టినాయా సార్?"

"బాగుండాయిలే రా."

ఓబులేసు కదల్లేదు. తలెత్తి చూసి, "ఇంగోసారి చూసి చెప్పండి సార్. ఈ పొద్దు నేను యాడికీ పోను" అన్నాడు.

సార్ వంగి, చెప్పు అంచున వేలు పెట్టి చూసుకున్నాడు.

"ల్యాదురా" అన్నాడు చివరికి. "పట్టల్యా. బిగుతుగా ఉండాయి."

స్పర్శ పోయిన పాదాన్ని పట్టుకోవడానికి మా దగ్గర నైలాన్ దారం ఉంది. మొహమాటాన్ని పట్టుకునే పరీక్ష మాత్రం నాకు నర్సింగ్ కాలేజీలో ఎవరూ నేర్పలేదు, ఒక బస్సు డ్రైవరు నేర్పాడు. అప్పట్నుంచి ఏ రోగినైనా రెండుసార్లు అడుగుతున్నాను. మొదటిసారి అందరూ బాగానే ఉందంటారు.