పడలేదని చెప్పిన వేలిముద్ర

నాలుగేళ్లుగా ఒక చిన్న అబద్ధాన్ని మోస్తున్నాను. "పడలేదమ్మా, మళ్ళీ పెట్టండి." అంతే. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

డిగ్రీ చదివేటప్పుడు సాయంత్రాలు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సిమ్‌కార్డుల దుకాణంలో పనిచేశాను. పగలు కాలేజీ డిబేట్లలో, సమ్మతి లేని చోట న్యాయం లేదని వాదించేదాన్ని. సాయంత్రం వేలిముద్ర యంత్రం ముందు కూర్చునేదాన్ని. యజమాని ఒక కిటుకు నేర్పాడు: ముద్ర పడినా పడలేదని చెప్పి రెండోసారి పెట్టించాలి. మొదటి ముద్రతో వాళ్ల సిమ్. రెండోదానితో, వాళ్ల పేరు మీదే, వాళ్లకు తెలియని ఇంకో సిమ్. అవి ఎవరి చేతికి వెళ్లేవో నేను అడగలేదు. ప్రతిదాన్నీ నిలదీస్తానని పేరున్న నేను, ఆ ఒక్క ప్రశ్న ఎందుకు మింగేశాను? జవాబు ముందే తెలిసినందుకు కాదా?

యాదమ్మ గారిది పోచంపల్లి దగ్గరి ఊరు. ముప్పై ఏళ్లు మగ్గం నేసి, ఎల్బీనగర్‌లో ఒక చీరల దుకాణంలో పనికి కుదిరారు. ఆమె వేలు పెట్టగానే ముద్ర పడింది. నేను ఆ అబద్ధం చెప్పాను.

"నా వేళ్లే గంత బిడ్డా," అని నవ్వారు. "నూలు గుంజి గుంజి గీతలన్నీ అరిగినయ్. రేషన్ దుకాణంల గూడ గిట్లనే సతాయిస్తయ్. జర గట్టిగ ఒత్తాల్నా?"

"ఒత్తండమ్మా."

"నీ మిషన్‌కు నా మీద ఏం పగనో!" కొంగుతో వేలు తుడుచుకుని మళ్ళీ ఒత్తారు.

తప్పు తన వేలిదేననుకున్నారు. నాకు ఇంకో అబద్ధమాడే శ్రమ కూడా మిగల్చలేదు.

కొన్ని నెలలకు ఆమె పోలీసు నోటీసు పట్టుకుని వచ్చారు. ఆ రెండో నంబరుతో ఎవరో ఒక ముసలాయనను మోసగించారు. ఎక్కడికి పోవాలో చెప్పమని నన్నే అడిగారు. నాకు అన్నీ తెలుసు. సైబర్ నేరాల విభాగంలో ఫిర్యాదు చేయవచ్చని, తన పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో ప్రభుత్వ వెబ్‌సైటులో చూసి తనవి కానివి ఆపించవచ్చని, ఆధార్‌లో తన వేలిముద్రను ఇంకెవరూ వాడకుండా తాళం వేసుకోవచ్చని, న్యాయసహాయ కేంద్రంలో ఉచితంగా వకీలును ఇస్తారని. ఏ తీగ లాగినా మా దుకాణమే కదిలేది. అందుకని, తెలియదన్నాను. మొదటిది యజమాని నేర్పిన తప్పు అనుకున్నా, ఈ రెండోది ఎవరు నేర్పారు?

పోలీసు కేసున్న మనిషని చీరల దుకాణంవాళ్లు ఆమెను మాన్పించారు. కేసు ఇంకా ఆమె మీదే నడుస్తోందని ఈ మధ్యే తెలిసింది.

నిన్న పోలీసు స్టేషన్‌కు వెళ్లి, ఆ సిమ్ తీసింది నేనేనని రాసి సంతకం చేశాను. ఇన్నాళ్లు ఎందుకు ఆగావని అధికారి అడిగారు. భయంతోనని చెప్పి, అదీ ఆ కాగితంలో రాశాను. అక్కడి నుంచి యాదమ్మ గారింటికి వెళ్లి అంతా చెప్పాను. ఆమె చివరిదాకా విన్నారు. తర్వాత తలుపు వేసుకున్నారు.

ఆమె క్షమించలేదు. క్షమించమని నేనూ అడగలేదు. కానీ ఆ కేసు కాగితాల్లో ఇప్పుడు నా పేరుంది. మొదటి రోజు నుంచీ ఉండవలసిన పేరు అదే.