ఆ బొమ్మకు చెవి కోసింది నేను

ముప్పై ఏళ్లకు పైగా ఒక మాటను గొంతులో పెట్టుకుని బతుకుతున్నాను. మింగుడు పడదు, బయటికి రాదు. అన్నం తింటున్నప్పుడో, అంగట్లో ఎవరితోనో నవ్వుతున్నప్పుడో అది ఉన్నట్టుండి అడ్డం తిరుగుతుంది. నా భార్యకు చెప్పలేదు. ఆమె పోయింది. పిల్లలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నానని రాద్దామనుకున్నాను. అదీ నిజం కాదు. ఒక మనిషి చెప్పమన్నాడు కాబట్టి చెబుతున్నాను. అతను చెప్పమనకపోతే ఇప్పుడైనా నోరు విప్పేవాణ్ణా? ఏమో.

మాది నంద్యాల. నాయన కాగితాలు, నోటుపుస్తకాల అంగడి నడిపేవాడు. అంగడి వెనక చిన్న ప్రెస్సు ఉండేది. పెళ్లి పత్రికలు, బిల్లు పుస్తకాలు అచ్చువేసేవాళ్లం. నాకు కథల పిచ్చి. రత్నానిది ఆళ్లగడ్డ. వాళ్ల నాయన చర్చి బడిలో అయ్యవారు. రత్నానికి బొమ్మల పిచ్చి. మేమిద్దరం నంద్యాల కాలేజీలో ఒకే బెంచీ. నేను మాటలు రాసి, అతను బొమ్మలు గీసి, 'నల్లమల నాగన్న' అనే బొమ్మల కథల పుస్తకం మొదలుపెట్టాం. నెలకొకటి. నలుపు, ఎరుపు, రెండే రంగులు.

నాగన్న అడవిలో ఉంటాడు. పేదవాడి మీద చేయి చేసుకున్నవాడి చేయి నరుకుతాడు. అంతే కథ. ప్రతి పుస్తకంలో తలలు పగిలేవి, ఎముకలు విరిగేవి. నెత్తురు కోసమే ఎరుపు డబ్బా కొనేవాళ్లం. ఎముక విరిగిన చోటల్లా నేను పెద్ద అక్షరాలతో 'ఫట్' అని రాసేవాణ్ణి. శిరివెళ్ల నుంచి చాగలమర్రి దాకా బస్టాండు అంగళ్లలో పుస్తకం వేలాడదీసిన రోజే అయిపోయేది.

అయితే అందరూ అడిగింది రత్నాన్నే. పుస్తకం కొన్న ప్రతివాడూ "ఈ బొమ్మలేసినాయన ఎవురు?" అని అడిగేవాడు. ఈ మాటలు ఎవరు రాశారని ఒక్కడూ అడగలేదు. నేను నవ్వుతూ రత్నాన్ని చూపించేవాణ్ణి. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. పళ్లు నొప్పిపుట్టేంత నవ్వు.

అప్పుడు మద్రాసు నుంచి ఒక వారపత్రిక వాళ్లు రత్నాన్ని రమ్మన్నారు. అతను ఆ కబురు పట్టుకుని పరుగున నా దగ్గరికే వచ్చాడు. "నాగన్నను నేను తీస్కపోతానప్పా. మొగం నేను గీసిందే గదా. నువ్వు ఇంగొగటి రాసుకో, నీకేం తక్కువ" అన్నాడు. కావాలని అన్న మాట కాదు. నా కథ ఎక్కడైనా పుట్టుకొస్తుందని నిజంగానే నమ్మి అన్నాడు. "పోయిరా అప్పా" అన్నాను. ఆ సాయంత్రం ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని ఒక్క ముద్ద కూడా తినలేకపోయాను.

ఆళ్లగడ్డలో అప్పట్లో ఒకాయన ఉండేవాడు. పేరు రాయను. పోయాడు, కానీ పిల్లలున్నారు. ఆయన మాట దాటితే ఇళ్లు తగలబడేవి. ఏదో పాత కొట్లాటలో ఆయన ఎడమ చెవి కింది భాగం తెగిపోయింది. చెంప మీద పొడుగ్గా ఒక గాటు. ఆ చెవి సంగతి ఎత్తినవాడికి పళ్లు మిగిలేవి కావు. మా కథలో దుర్మార్గుడు భైరప్ప. భైరప్పకూ ఆయనకూ సంబంధం లేదు. రత్నం గీసిన భైరప్పకు రెండు చెవులూ నిండుగా ఉంటాయి, చెంప నున్నగా ఉంటుంది.

ఇక్కడ ప్రెస్సు సంగతి కొంచెం చెప్పాలి. రత్నం కాగితం మీద గీసిన బొమ్మను కర్నూలుకు పంపి జింకు రేకు మీద బ్లాకు చేయించేవాళ్లం. బ్లాకు మీద ఉబ్బెత్తుగా ఉన్న గీతలకే సిరా అంటుతుంది. ఉలితో గీకేస్తే అక్కడ అచ్చు పడదు, తెల్లగా మిగిలిపోతుంది.

ఆ నెల బ్లాకులు వచ్చిన రోజు ప్రెస్సులో నేనొక్కణ్ణే ఉన్నాను. భైరప్ప మొహం పేజీ నిండా ఉన్న బ్లాకు తీసుకున్నాను. చిన్న ఉలితో ఎడమ చెవి కింది భాగం గీకేశాను. నల్లటి చెంప మీద పొడుగ్గా ఒక గీత కోశాను. రేకు కిచకిచమని అరిచింది. చేయి వణకలేదు. నన్ను ఎక్కువ భయపెట్టేది అదే. కోపంలో చేసి ఉంటే చేయి వణకాలి కదా? ఎంత ఓపికగా చేశాను! పని అయ్యాక, బ్లాకులతో పాటు తిరిగొచ్చిన రత్నం అసలు బొమ్మను ఇంటికి తీసుకుపోయి నీళ్లు కాచే పొయ్యిలో పెట్టి కాల్చేశాను.

పుస్తకం అచ్చయింది. నేను బస్సెక్కి ఆళ్లగడ్డ పోయాను. ఆయన మనుషులు కూర్చునే టీ హోటల్లో, వాళ్ల బల్ల మీదే ఆ పేజీ పైకి పెట్టి, "ఈ బొమ్మ మీ అన్న మాదిరి ఉందే?" అని, టీ తాగి వచ్చేశాను. అంతే. రత్నాన్ని నాలుగు తిట్లు తిట్టి బెదిరిస్తారనుకున్నాను. మద్రాసు మాట మరిచిపోయి నా దగ్గర దాక్కుంటాడనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నానా? మా ప్రాంతంలో పుట్టి పెరిగినవాణ్ణి, ఆ మనుషులు ఏం చేస్తారో తెలియనివాణ్ణా?

వాళ్లు మిట్టమధ్యాహ్నం ప్రెస్సుకే వచ్చారు. ముగ్గురు. పనివాళ్లు భోజనాలకు పోయారు, రత్నం, నేనే ఉన్నాం. షట్టరు సగం దించి, పుస్తకం నా మొహం మీదికి విసిరి, ఈ తెగిన చెవి ఎవడు గీశాడని అడిగారు. నేను రత్నం వైపు చూశాను. నోటితో చెప్పలేదు. చూశాను.

ఒకడు రత్నం జుట్టు పట్టి ఈడ్చి బొక్కబోర్లా పడేశాడు. ఇంకొకడు వీపు మీద కూర్చున్నాడు. అచ్చు బిగించే రాతి బల్ల ఒకటి ఉండేది, నడుము ఎత్తున. తర్వాత అతన్ని లేపి, కుడిచేతిని ఆ రాతి మీద పరిచి, ఒకడు బల్ల ఎక్కి మోచేయిని మోకాలితో తొక్కిపట్టాడు. మూడోవాడు గోడకు ఆనించి ఉన్న ఇనుప కడ్డీ తీసుకున్నాడు. అది మా ప్రెస్సుదే.

రత్నం అరిచాడు. "నేను గీల్లేదన్నా! ఆ చెవి నేను గీల్లేదు! దేవుని తోడు!" అన్నాడు.

కడ్డీ దిగింది. 'ఫట్' అనలేదు. పచ్చికట్టె విరిచినట్టు ఒక మెత్తటి చప్పుడు. నేను రాసినవన్నీ అబద్ధమని ఆ చప్పుడుతో తెలిసింది. మొదటి దెబ్బ పడినప్పుడు, మీకు దాచను, నా లోపల ఎక్కడో చిన్న తృప్తి కదిలింది. తక్కువ సేపే. రెండో దెబ్బకు అది పోయింది. మూడో దెబ్బకు నా లుంగీ తడిసింది. అతను దెబ్బ దెబ్బకూ అదే మాట అరుస్తున్నాడు, గీయలేదని. వాళ్లు నవ్వుతున్నారు. ఒక వేలు తోలు పట్టుకుని వేలాడుతోంది. అప్పుడైనా ఒక్క మాట అంటే సరిపోయేది. ఉలి నా బల్ల సొరుగులోనే ఉంది. తీసి చూపిస్తే చాలు. నేను కాగితాలు కోసే యంత్రం పక్కన నిలబడి, దాని చక్రం గట్టిగా పట్టుకుని, చూస్తూ ఉన్నాను.

పోతూ పోతూ వాళ్లు నన్నూ రెండు దెబ్బలు కొట్టారు. నా పెదవి చిట్లింది. ఆ పెదవి చూసి ఊళ్లో జనం నా మీద జాలిపడ్డారు.

పెద్దాసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు. మిగిలినవి వంకరగా అతుక్కున్నాయి. మర్నాడు నేను పక్కన కూర్చున్నాను. రత్నం పైకప్పు చూస్తూ అడిగాడు.

"ఆ చెవి నేను గీసినానా అప్పా?"

నాకు దేవుడు ఇచ్చిన రెండో అవకాశం అది. నేనేమన్నానో తెలుసా?

"నువ్వే గీసినావు. తొందరలో గుర్తులేదేమో."

"రెండు చెవులూ బాగనే ఏసినట్టు గుర్తుందే."

"జొరంలో ఉండావు. పండుకో."

అతను నన్ను నమ్మాడు. తన కళ్లకన్నా, తన చేతికన్నా నన్ను ఎక్కువ నమ్మాడు. కళ్లు మూసుకుని, "అయితే నేను అబద్ధమాడినా" అన్నాడు. ఆ మాట అర్థం నాకు అప్పుడు పట్టలేదు.

నాగన్న ఆగిపోయాడు. రత్నం మద్రాసు పోలేదు. ఆళ్లగడ్డలోనే నాయన పనిచేసిన బడిలో గంట కొట్టడం, రిజిస్టర్లు మోయడం, అదే అతని ఉద్యోగం. మళ్లీ బొమ్మ గీయలేదు. సుగుణమ్మను పెళ్లి చేసుకున్నాడు. ప్రతి క్రిస్మస్‌కు నేను వాళ్లింటికి పోయి కడుపునిండా తిని వచ్చేవాణ్ణి. పిల్లలకు నేనే ఇష్టమైన మామను.

కథ ఆగిపోయింది కానీ కథ గురించిన కథ పెరిగింది. పాత పుస్తకాలు దాచుకున్నవాళ్లు దాన్ని ఊరూరా చెప్పుకున్నారు. ఒక పేద చిత్రకారుడు అంత పెద్దమనిషి మొహం బొమ్మలోకి ఎక్కించాడట, దానికి చేయి ఇచ్చుకున్నాడట. ఈ మధ్య హైదరాబాదు నుంచి సౌమ్య అనే అమ్మాయి వచ్చింది. పాత బొమ్మల కథలను వెతికి, శుభ్రంచేసి, గట్టి అట్టలతో మళ్లీ అచ్చువేసే పని ఆమెది. చిత్తుకాగితాల అంగళ్ల నుంచి, అభిమానుల పెట్టెల నుంచి నాగన్నలన్నీ పోగుచేసింది. ఒకే సంపుటం. నా ఒళ్లో పెడితే బరువుకు కాళ్లు తిమ్మిరెక్కాయి. అట్ట మీద భైరప్ప మొహం. తెగిన చెవి, చెంప మీద గాటు. "సార్, ఈ ఒక్క బొమ్మ కోసమే పుస్తకం వేశాను. ఎంత ధైర్యమండీ ఆ గీతలో!" అంది. ముందుమాట నన్ను రాయమంది. రాశాను. ధైర్యం గురించే రాశాను.

పుస్తకావిష్కరణ ఆళ్లగడ్డ చర్చి హాల్లో పెట్టారు. కుర్రవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. రత్నానికి, నాకు దండలు వేశారు. రత్నాన్ని మాట్లాడమన్నారు. ఆ వంకర చేత్తోనే మైకు పట్టుకున్నాడు.

"అందరూ నన్ను ధైర్యవంతుడంటాండారు. ఆ బొమ్మ గీసింది నేనే. కానీ కడ్డీ ఎత్తినప్పుడు నేను గీల్లేదని దేవుని మింద ఒట్టేసినా. భయపడి అబద్ధమాడినా. ఇన్నేండ్లూ దేవుని ముందర ఏడ్సినా గానీ మనుషుల ముందర చెప్పల్యా. ఈ పొద్దు చెప్తాండా. మీ సప్పట్లకు నేను తగను."

హాలంతా లేచి నిలబడింది. ఎక్కువ చప్పట్లు కొట్టారు. సుగుణమ్మ కళ్లకు కొంగు అడ్డం పెట్టుకుంది. నేను పక్క కుర్చీలో దండ వేసుకుని కూర్చున్నాను. చేయని పాపాన్ని నా పక్కన నిలబడి ఒప్పుకుంటున్న మనిషికి నేను కూడా చప్పట్లు కొట్టాను.

ఆ తర్వాత నిద్ర లేదు. మర్నాడు పొద్దున్నే మళ్లీ ఆళ్లగడ్డ బస్సెక్కాను. చెప్పేశాను. ఉలి, పొయ్యి, టీ హోటలు, అన్నీ. సుగుణమ్మ అప్పుడే నా ముందు టీ గ్లాసు పెట్టింది. మాట పూర్తయ్యేసరికి ఆ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

రత్నం లేచి పోయి సంపుటం తెచ్చుకున్నాడు. పుస్తకం మోకాళ్ల మీద పెట్టుకుని అట్టను చాలాసేపు చూశాడు.

"నిన్న చూసినప్పుడే అనుకున్యా, ఈ గీత నాది మాదిరి లేదే అని. ముసిలోన్నైనా, కండ్లు మోసం చేస్తాండాయనుకున్యా." పుస్తకాన్ని బోర్లించాడు. "ఎడమ చేత్తోనన్నా గీసుకుంటాంటి అప్పా. ఎందుకు గీల్లేదో తెలుసా? దేవుని మింద అబద్ధపు ఒట్టేసినోనికి ఆ యోగ్యత లేదనుకున్యా."

నేను కాళ్ల మీద పడబోయాను. కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

"వద్దు. నన్ను ముట్టుకోవాకు. నిన్న నేను ఊరందరి ముందర చెప్పినా గదా. నువ్వూ అందరికీ చెప్పు. మళ్లా ఈడికి రావాకు."

క్షమించావా అని అడగలేదు. అడిగే మొహం లేదు. తలుపు వేసిన చప్పుడు వినిపించింది, అంతే. సౌమ్యకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె ఏడ్చింది, తర్వాత తిట్టింది. తర్వాతి అచ్చులో నా ముందుమాట తీసేసి దీన్ని వేయమన్నాను. ఏం చేస్తుందో తెలియదు. ఇక్కడ నా పేరు పెట్టలేదు. పెట్టాల్సిన పని లేదు. రత్నం పేరు పక్కన, అట్ట మీదే ఉంది, ఆళ్లగడ్డలో చిన్నపిల్లవాడికైనా తెలుసు.

రాస్తుంటే చేయి వణుకుతోంది. ఆనాడు వణకని చేయి. వణకనీ. గొంతులో మాత్రం ఇన్నేళ్లకు ఊపిరి ఆడుతోంది. దానికి కూడా సిగ్గుగానే ఉంది. అయినా చెప్పవలసిన మాట మిగిలి ఉంది, దాని కోసమే ఇదంతా.

ఆ గీత నాది. రాతి బల్ల మీద, కడ్డీ కింద, రత్నం చెప్పింది నిజం.