లీవులో ఉన్న డాక్టరమ్మ చూసి వెళ్లింది

దయ్యం, గాలి, ధూళి అని ఎవరైనా మొదలుపెడితే నేను అక్కడి నుంచి లేచిపోయే రకం. డాక్టర్ని. నెల్లూరులో మా అమ్మమ్మ దిష్టి తీస్తానంటేనే గొడవ పెట్టుకునేదాన్ని. ఇప్పుడైనా దయ్యాలున్నాయని నేను అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను, ఆ తర్వాత మీ ఇష్టం.

దుబాయ్‌లో కరామా అనే పేటలో ఒక చిన్న క్లినిక్‌లో పనిచేస్తాను. కరోనా గోల సద్దుమణిగాక చేరాను. నేను చేరిన కొన్నాళ్లకే షాహిదా వచ్చింది. ఆమెది ప్రొద్దుటూరు. ఇద్దరిదీ ఒకే చదువు, ఇద్దరం జనరల్ డాక్టర్లమే, పక్కపక్క గదులు. తేడా ఏందంటే, ఆమె గది ముందు కుర్చీలు చాలేవి కావు. నా గది ముందు కుర్చీలు ఖాళీ.

హోటళ్లలో వంటవాళ్లు, టాక్సీ డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసే గోదావరి ఆడవాళ్లు, అందరికీ ఆమే కావాలి. "ఆ అమ్మ హస్తవాసి మంచిది మేడం, ముట్టుకుంటే నొప్పి ఖలాస్" అని నా మొహం మీదే చెప్పి, ఎంతసేపైనా ఆమె కోసమే కూర్చునేవాళ్లు. హస్తవాసి అట! ఆమె చేసేది ఏముంది? కనురెప్ప కిందికి లాగి రక్తం తక్కువుందేమో చూస్తుంది. కాలి మీద వేలితో నొక్కి నీరు పట్టి గుంట పడుతుందేమో చూస్తుంది. అవన్నీ నేనూ చదివాను, నేనూ చేస్తాను. కాకపోతే ఆమె కడుపు చూసే ముందు రెండు చేతులూ రుద్దుకుని, వెచ్చచేసుకుని, మెల్లగా బిస్మిల్లా అనుకుని అప్పుడు చెయ్యి వేస్తుంది. దానికే జనం పడిపోయేవాళ్లు.

నాకు ఒళ్లు మండిపోయేది. దాచుకోవడం దేనికి, కుళ్లుకున్నాను. రోజూ ఇంటికెళ్లి మా ఆయన దగ్గర ఆమె మీద చాడీలు చెప్పేదాన్ని. ఆయన జెబెల్ అలీలో ఒక షిప్పింగ్ ఆఫీసులో అకౌంటెంటు. వైద్యం గురించి ఒక్క ముక్క తెలీదు. అంతా విని, "పోనీలే, మంచి డాక్టరే అంటున్నారుగా అందరూ" అనేవారు. పుండు మీద కారం చల్లినట్టుండేది.

ఒక శుక్రవారం పొద్దున ఆయనకు బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. ముందు రోజు ఆఫీసు పార్టీలో మటన్ మందీ, అదే అరబ్బుల బిర్యానీ, గట్టిగా లాగించారు. పడుకోబెట్టి చూశాను. కడుపు మెత్తగానే ఉంది, జ్వరం లేదు, ఎక్కడ నొక్కినా పెద్దగా ఏమీ అనలేదు. నీ చేతులు చల్లగా ఉన్నాయని మాత్రం విసుక్కున్నారు. గ్యాస్ అనుకున్నాను. ఆ వేళకి ఎవరు చూసినా అదే అనుకునేవాళ్లు. అయినా ఇంట్లో ఒంటరిగా వదలబుద్ధి కాక క్లినిక్‌కి వెంటబెట్టుకెళ్లి, వెనక గదిలో మంచం మీద పడుకోబెట్టాను. నర్సు మేరీ సెలైన్ పెట్టింది.

షాహిదా ఆ రోజు లీవు. అల్ ఐన్‌లో వాళ్లక్క ఇంటికి వెళ్లింది. నిజం చెప్పొద్దూ, ఆమె లేదని నాకు హాయిగా ఉంది. జుమ్మా నమాజు వేళ కాబట్టి జనం కూడా పలచగానే ఉన్నారు. దగ్గుతున్న ఒక చంటిబిడ్డను చూసి పంపించి వెనక గదికి వెళ్లాను.

మా ఆయన కుడి మోకాలు పైకి ముడుచుకుని పడుకునున్నారు. మొహమంతా చెమట. నన్ను చూడగానే, "షాహిదా గారు చూసి వెళ్లారు. ఆలస్యం చెయ్యొద్దు, ఆపరేషన్‌కి పంపమన్నారు" అన్నారు.

నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఆమె అసలు దుబాయ్‌లోనే లేదన్నాను. ఆయన వినలేదు. వచ్చిందట, చేతులు రుద్దుకుందట, బిస్మిల్లా అందట, చేతులు ఎంతో వెచ్చగా ఉన్నాయట.

"ఎడమ పక్క నొక్కితే కుడి పక్క పొడిచినట్టయింది. నొక్కినప్పటి కన్నా చెయ్యి తీసేసినప్పుడు ప్రాణం పోయింది" అన్నారు.

ఎడమ పక్క నొక్కితే కుడి పక్క నొప్పి రావడం, చెయ్యి వదిలేసినప్పుడు అది ఎక్కువవడం, ఈ రెండూ అపెండిక్స్ వాచిందని చెప్పే గుర్తులు. మెడికల్ కాలేజీలో మాతో వల్లె వేయించినవి. లెక్కలు రాసుకునే మనిషికి ఎట్లా తెలుస్తాయి? నేనూ ఎడమ పక్క నొక్కాను. ఆయన కుడి పక్క పట్టుకుని అరిచారు. చెయ్యి వదిలాను. మంచం మీద నుంచి ఎగిరిపడినంత పని చేశారు. పొద్దున మెత్తగా ఉన్న కడుపు ఇప్పుడు చెక్కలా బిగుసుకుపోయింది.

వెంటనే అంబులెన్సు పిలిచాం. సాయంత్రానికి ఆపరేషన్ అయిపోయింది. అపెండిక్స్ పగలడానికి సిద్ధంగా ఉందనీ, ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు వచ్చేదనీ సర్జన్ చెప్పాడు. నేను బయట కుర్చీలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. మత్తు దిగి కళ్లు తెరవగానే మా ఆయన అడిగిన మొదటి మాట, షాహిదా గారు వెళ్లిపోయారా అని. మనిషి బతికాడన్న సంతోషంలో కూడా నాకు కడుపు మండింది.

తర్వాత ఊరుకోలేక ఆరా తీశాను. మేరీ ముందు డెస్కు దగ్గరే ఉందట, షాహిదా రానే లేదంది. వెనక గదికి ఇంకో తలుపు లేదు. వరండాలో కెమెరా ఉంది, మేనేజరు చూపించాడు. మేరీ లోపలికి వెళ్లింది, బయటికి వచ్చింది. ఆ తర్వాత నేను వెళ్లాను. మధ్యలో ఎవరూ లేరు.

షాహిదాకి ఫోన్ చేశాను. ఆ మధ్యాహ్నం అక్క పిల్లలతో ఖర్జూరం తోటలో అన్నాలు తింటున్నామంది. పక్కనున్న వాళ్లక్క ఫోన్ తీసుకుని అదే మాట చెప్పింది. నేను జరిగింది చెప్పాక షాహిదా గొంతు తగ్గించి, "అక్కా, ఇది క్లినిక్‌లో ఎవరికీ చెప్పొద్దు. నాకే భయంగా ఉంది" అంది. ఆ గొంతులో నటన లేదు.

నొప్పి బాధలో కల వచ్చిందనుకుందాం. చేతులు రుద్దుకోవడం, బిస్మిల్లా అనడం, ఇవి నా చాడీల్లోంచే ఆయన బుర్రకెక్కి ఉండొచ్చు, ఒప్పుకుంటాను. కానీ ఆ గుర్తుల గురించి నేను ఇంట్లో ఏనాడూ మాట్లాడలేదు. కలలోనే నొప్పి వచ్చిందనుకున్నా, అది సరిగ్గా మా పుస్తకాల్లో రాసిన తీరునే ఎందుకు వస్తుంది?

ఆయన ఇప్పుడు శుభ్రంగా ఉన్నారు. షాహిదా ఇంకా నా పక్క గదిలోనే పనిచేస్తోంది. మేమిద్దరం ఆ మాట ఎత్తము.

వచ్చిందేందో నాకు ఈ రోజుకీ తెలీదు. విన్నవాళ్లు భయం వేయలేదా అని అడుగుతారు. వేసింది, పోయింది. ఉక్రోషం మాత్రం పోలేదు. పెళ్లాన్ని, డాక్టర్ని, గోడకి ఇవతలే ఉన్నాను. నా మొగుడి ప్రాణం కాపాడాలని వచ్చింది ఏదైనా కానీ, నా రూపంలో రాకూడదా?