పడవ మీద పేరు రాసే చెయ్యి

1999 వేసవి. గవర్నర్‌పేటలో ఒక నరాల డాక్టరు గారి క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. బందరు దగ్గరి రేవు నుంచి సోమయ్య వచ్చాడు. కొత్త పడవలకు పేర్లు రాసే పెయింటరు. పొద్దున్నే బ్రాందీ వాసన గుప్పుమంది. వెంట భార్య వెంకాయమ్మ.

"తాగి తాగి చేతులు ఇట్టా అయిపోయినయ్యండీ. రేవులో తలెత్తుకోలేకపోతన్నా," అందామె.

సోమయ్య నేలచూపులు చూస్తూ అన్నాడు: "ముందు వణుకే వచ్చిందండీ. తాగితే కాసేపు ఆగుద్ది. అందుకే మొదలెట్టా, ఇరవయ్యేళ్ళ కిందట. చెబితే నవ్వుతారు."

డాక్టరు గారు నవ్వలేదు. నీళ్ళ గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళమన్నారు. కాగితం మీద చుట్టలు చుట్టలుగా గీత గీయించారు. "మీ నాన్నకి ఉండేదా?" అని అడిగారు.

"గ్లాసు రెండు చేతుల్తో పట్టుకునేవోడండీ."

దీన్ని ఎసెన్షియల్ ట్రెమర్ అంటారు. చెయ్యి పనిలో ఉన్నప్పుడు వచ్చే వణుకు ఇది. చాలా ఇళ్ళలో వారసత్వంగా వస్తుంది. మద్యం కొందరిలో దాన్ని కాసేపు ఆపుతుంది, దిగాక వణుకు ఇంకా పెరుగుతుంది. సోమయ్య ఖర్మ ఏమిటంటే, వాళ్ళ రేవులో కొత్త పడవకు పేరు రాసేవాడు ఆ రోజు చుక్క ముట్టకూడదని ఆచారం. చెయ్యి నిలవాల్సిన రోజే బాగా వణికేది, అక్షరాలు వంకరపోయేవి. రాత్రి తాగింది ఇంకా దిగలేదని జనం అనుకునేవారు.

ఉబ్బసం ఉంటే పడదు కాబట్టి, అది లేదని చూసుకుని డాక్టరు గారు ప్రొప్రనలాల్ మొదలుపెట్టారు. అది బీపీ మాత్రే, వణుకునూ తగ్గిస్తుంది. తాగుడు ఒక్కసారిగా ఆపితే ప్రమాదమని, తమ కనుసన్నల్లో మెల్లగా మాన్పించారు. టీ కూడా వణుకు పెంచుతుందని తగ్గించమన్నారు. నా వంతుగా మణికట్టుకు బరువు పట్టీ కట్టాను, కుంచె పిడికి సైకిలు ట్యూబు చుట్టి లావు చేశాను, మోచెయ్యి ఆనించి రాయడం అలవాటు చేశాను. వణుకు పూర్తిగా పోలేదు. కానీ కొన్ని నెలలకు 'గంగమ్మ' అని అట్ట మీద రాసి చూపించాడు. సున్నా గుండ్రంగా కుదిరింది. నాకు పట్టరాని సంతోషం వేసింది.

తర్వాతిసారి ఇద్దరూ ముఖాలు వేలాడేసుకుని వచ్చారు. పడవ యజమాని ఒకాయన "తాగుబోతు చేత్తో నా పడవకి పేరా?" అని వేరేవాణ్ణి పిలిపించుకున్నాడట. మిగిలినవాళ్ళదీ అదే మాట.

"జబ్బని చెప్పలేదా అమ్మా?" అన్నాను.

వెంకాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గడపగడపకీ ఎల్లి చెప్పానండీ. మొగుణ్ణి ఎనకేసుకొస్తన్నానంటన్నారు. ఇన్నేళ్ళూ తాగుబోతని రేవంతా చాటింది నేనేగా. ఆ మాటైతే అందరూ నమ్మారండీ."

సోమయ్య ఆమె వైపు చూసి, "దానికేం తెలుసండీ పాపం," అన్నాడు. మళ్ళీ ఏ పడవకూ అతను పేరు రాయలేదు.

ఆ తర్వాత వాసనతో, వణికే చేతులతో ఎవరొచ్చినా, తాగుడుకు ముందు ఆ చెయ్యి ఎలా ఉండేదని అడగడం నేర్చుకున్నాను. సోమయ్యను ఆ మాట ఇరవై ఏళ్ళ ముందే ఒక్కరు అడిగి ఉంటే చాలు. కనీసం ఇంట్లోవాళ్ళు.